"ఎవరి పిల్లవు?": పల్లెను విడిచిన తెలుగు రచనలో ఎడబాటు

నగరంలో స్థిరపడిన తెలుగువాడు "ఊరికి పోతున్నాను" అన్నప్పుడు ఏ ఊరికని ఎవరూ అడగరు. అది పుట్టిన పల్లె అని వినేవారికి తెలుసు. హైదరాబాదులో ముప్పై ఏళ్లుగా సొంత ఇంట్లో ఉంటున్నవారిని సైతం "మీదే ఊరు?" అని అడగడం, వారు హైదరాబాదు పేరు చెప్పక ఏ భీమవరం దగ్గరో ఏ సూర్యాపేట దగ్గరో ఉన్న పల్లె పేరు చెప్పడం నిత్యవ్యవహారంలో ఉన్నదే. ఆ పల్లెలో వారి ఇల్లు కూలిపోయి ఉండవచ్చు, పొలం చేతులు మారి ఉండవచ్చు. అయినా 'ఊరు' అన్న మాట మీద హక్కు నగరానికి ఇంకా దక్కలేదు. 1951 జనగణన నాటికి ఆంధ్రప్రదేశ్ ప్రాంతంలో పట్టణ జనాభా సుమారు 17 శాతం. 2011 నాటికి ఉమ్మడి రాష్ట్రంలో అది 33 శాతం దాటింది. ఆరుగురిలో ఒకరన్న లెక్క అరవై ఏళ్లలో ముగ్గురిలో ఒకరుగా మారింది. ఈ కాలమంతటా తెలుగు కథ, కవిత, ఆత్మకథ పల్లెను తలచుకుంటూనే ఉన్నాయి.

ఈ తలపోతను విమర్శ ఎక్కువగా ఒక జాబితాగా చదివింది. చెరువుగట్టు, రచ్చబండ, వేపచెట్టు, జాతర, సంక్రాంతి ముగ్గు, కొత్తబియ్యపు అన్నం అంటూ పల్లె స్మృతుల రచనలపై వచ్చే వ్యాసాలు ఈ వస్తువులను ఏరి, వర్గీకరించి, 'గ్రామీణ జీవన చిత్రణ' అన్న శీర్షిక కింద ఉంచి ముగుస్తాయి. జాబితాలో తప్పు లేదు, అది చాలదు. పోగొట్టుకున్నామని చెప్పుకునే వస్తువుల్లో చాలాభాగం నగరానికి వస్తూనే ఉన్నాయి. ఆవకాయ జాడీ బస్సు పార్సిల్‌లో వస్తుంది. జొన్నరొట్టె చేసే స్త్రీ నగరపు వీధి మలుపులో పొయ్యి పెట్టుకుని కూర్చుంటుంది. బతుకమ్మ అపార్ట్‌మెంటు ఆవరణలో ఆడుతున్నారు. వస్తువు దొరికాక కూడా తీరని వెలితి మిగిలితే అది ఏమిటన్నదే విమర్శ అడగవలసిన ప్రశ్న.

పల్లెలో తెలియని వీధికి వెళ్లిన పిల్లవాడికి అరుగు మీది ముసలమ్మ నుంచి ఎదురయ్యే మొదటి మాట "ఎవరి పిల్లవురా?" అన్నది. వాడు తండ్రి పేరు చెబితే తాత పేరు ఆమే చెబుతుంది. తాత పెళ్లికి ఎన్ని బండ్లు కట్టారో కూడా చెబుతుంది. ఆ పిల్లవాడు తనను తాను పరిచయం చేసుకోవలసిన పని లేదు. అతని పరిచయం అతనికంటే ముందే ఆ వీధికి చేరింది. నగరానికి వెళ్లిన మనిషి కోల్పోయేది ప్రధానంగా ఈ స్థితినే. అయితే ఇదే ప్రశ్నను వాడ నుంచి వచ్చిన పిల్లవాడిని అడిగితే దాని పని వేరు. అక్కడ తండ్రి పేరుతో పాటు కులం తెలుస్తుంది, ఆ అరుగుకు ఎంత దూరంలో నిలబడాలో తెలుస్తుంది. ఒకే ప్రశ్న ఒకరికి ఆదరణ, మరొకరికి విచారణ. పల్లెను విడిచినవారి తెలుగు రచనను ఈ ప్రశ్నకు రెండు వైపులా నిలబడి చదివినప్పుడే అందులోని బెంగ విలువ తేలుతుంది.

వెతికేవారి కోసం బెంగ

ఇల్లు విడిచినవాడి దిగులుకు తెలుగు కావ్యంలో ప్రసిద్ధమైన ఉదాహరణ మనుచరిత్రలోని ప్రవరుడు. అరుణాస్పదపురం పల్లె కాదు, హిమాలయం నగరమూ కాదు. అయినా ఎడబాటు స్వరూపాన్ని చూపడంలో పెద్దన చూపిన సూక్ష్మత తర్వాతి గ్రామస్మృతి సాహిత్యంలో అరుదుగానే కనిపిస్తుంది. పాదలేపం కరిగిపోయి మంచుకొండల్లో చిక్కుకున్న ప్రవరుడి ఎదుట లోకోత్తరమైన దృశ్యం ఉంది. అతను తలచుకునేది మరో దృశ్యాన్ని కాదు. క్షణం కనబడకపోతే ఊరంతా వెతికే తండ్రిని, సంధ్యవేళ గడప దాటనివ్వని తల్లిని, భార్యను, శిష్యులను, అన్నం పెట్టవలసిన అతిథులను, ఆరిపోకుండా చూడవలసిన అగ్నులను తలచుకుంటాడు. ఇంటి గోడగాని వీధిగాని చెట్టుగాని ఆ తలపులో లేవు. అతని బెంగ తనను వెతికేవారి కోసం, తాను లేకపోతే ఆగిపోయే పనుల కోసం.

ప్రవరుడి దుఃఖంలో ఈ రెండూ విడదీయరానివి. అతన్ని వెతికేవారు ఉండడానికి కారణం అతనికి ఒక స్థానం ఉండడం. ఆ స్థానం అగ్నిహోత్రం, అధ్యాపనం, అతిథి పూజ మీద నిలిచిన గృహస్థ బ్రాహ్మణుడిది. ఊరు అతన్ని ఎరుగును. ఆ ఎరుకలో గౌరవం ముందే ఇమిడి ఉంది. ఆ గౌరవం లేనివాడికి ఊరి ఎరుక ఏమవుతుందన్న ప్రశ్న ప్రబంధానికి లేదు, ఉండే అవకాశమూ లేదు.

నగరంలో కూర్చుని పల్లెను చూసే చూపు విషయంలో ఆముక్తమాల్యద మరింత ఉపయోగపడుతుంది. విజయనగర చక్రవర్తి వర్షాకాలాన్ని వర్ణిస్తూ రెడ్ల ఇంటిలోకి తొంగి చూశాడు. నూనెలో వండిన ఆకుకూరలతో అన్నం తిని, పశువులు మేతకు వెళ్లాక, లేగదూడలు ఒళ్లు నాకుతుండగా, మేక పెంటికల కుంపటి దగ్గర పెట్టుకుని మంచమెక్కిన రెడ్ల చిత్రం అది. అంతటి మహారాజుకు ఆ మంచం మీద ఈర్ష్య కలిగిందనిపిస్తే తప్పులేదు. పద్యం చదివిన ప్రతిసారీ వాన చప్పుడు, పొగ వాసన పాఠకుడికి అందుతాయి. అయితే జడివానలో పశువుల వెంట వెళ్లింది ఎవరు? పద్యం చెప్పదు. అవి వాటంతట అవి వెళ్లినట్టే ఉంటుంది.

వెళ్లినవాడు తెలుగు సాహిత్యంలోకి రావడానికి నాలుగు శతాబ్దాలకు పైగా పట్టింది. తెలంగాణ సాయుధ పోరాట కాలంలో సుద్దాల హనుమంతు పశువులు కాసే పల్లెటూరి బాలుడిని సంబోధిస్తూ కట్టిన పాట, తర్వాత 'మా భూమి' చలనచిత్రం ద్వారా ఇంటింటికీ చేరినది, ఆ జీతగాడి పాట. ఆ పిల్లవాడి కాలికి చెప్పు లేదు, చేతిలో పలకా లేదు. రాయల పద్యంలో మంచం మీదివారి సుఖం పూర్తి కావడానికి వానలో ఉండవలసినవాడు వీడే. రెండు రచనలనూ పక్కపక్కన పెట్టి చదివితే రాయల పద్యం అందం తగ్గదు. దాని చట్రం వెలుపల ఎవరున్నారో మాత్రం తెలుస్తుంది. ఆధునిక గ్రామస్మృతి రచనకు కూడా ఈ పరీక్ష పెట్టవచ్చు. పశువులు వాటంతట అవి మేతకు వెళ్లే ప్రతి రచనలోనూ ఒక పిల్లవాడు లెక్కకు రాకుండా పోయాడని అర్థం.

ముచ్చటకు శ్రోత

పాకాల యశోదారెడ్డి 'మా ఊరి ముచ్చట్లు' (1973) ఈ పరీక్షకు నిలబడే రచనల్లో ఒకటి. పాలమూరు జిల్లా బిజినేపల్లిలో పుట్టి, హైదరాబాదులో ఆచార్యులుగా జీవితం గడిపిన రచయిత్రి ఆమె. 'తెలుగులో హరివంశములు' వంటి పరిశోధనను గ్రాంథిక క్రమశిక్షణతో రాసిన చేయి, ఊరి కథలకు వచ్చేసరికి ఆ ప్రాంతపు స్త్రీల నోటిమాటను యథాతథంగా పట్టుకుంది. ఇది శైలీవైవిధ్యం మాత్రమే కాదు. ఆమె జీవితం రెండు భాషలుగా విడిపోయిందనడానికి ఈ రెండు రకాల రచనలే సాక్ష్యం. నగరంలో, విశ్వవిద్యాలయంలో, సభలో మాట్లాడే తెలుగు ఒకటి. ఊరిని తలచుకోవడానికి పనికివచ్చే తెలుగు మరొకటి. మొదటి తెలుగులో ఊరు ఒక విషయం మాత్రమే. రెండవ తెలుగులో ఊరే మాట్లాడుతుంది. (మాండలిక కథలపై వచ్చే సిద్ధాంత గ్రంథాలు దాదాపు అన్నీ మొదటి తెలుగులోనే వస్తాయన్నది ఈ సందర్భంలో గుర్తుకు రాక మానదు.)

'ముచ్చట' అన్న మాటను గమనించాలి. మాటలాడుకోవడమనీ, ఇష్టమనీ రెండు అర్థాలు దానికున్నాయి. కథ చెప్పడానికి కథకుడు చాలు. ముచ్చటకు శ్రోత కావాలి, ఆ శ్రోతకు చెప్పబోయే మనుషులు ముందే తెలిసి ఉండాలి. "ఫలానామె కోడలు" అనగానే మూడు తరాలు కళ్లముందు నిలవాలి. యశోదారెడ్డి గ్రంథంలో కథనం నేరుగా సాగక వరసలు, చుట్టరికాలు, పక్కింటి సంగతులు కలుపుకుంటూ పోవడాన్ని కొందరు నిర్మాణ శైథిల్యంగా భావించవచ్చు. అలా భావించడం సరికాదు. వినేవారికి అందరూ తెలుసునన్న ధీమా ఉన్నచోటే మాట ఆ దారిన నడుస్తుంది. ముద్రిత గ్రంథం చదివే నగర పాఠకుడికి వారెవరూ తెలియదు. అంటే ఆ పుస్తకం ఎవరిని ఉద్దేశించి మాట్లాడుతున్నదో ఆ శ్రోత పుస్తకం ముందు లేడు. పోయింది ఏమిటో రచయిత్రి ఎక్కడా ప్రకటించలేదు. కథనరీతిలోనే అది కనబడుతుంది.

నామిని సుబ్రహ్మణ్యం నాయుడు 'పచ్చనాకు సాక్షిగా', 'సినబ్బ కథలు' చిత్తూరు జిల్లా పల్లె మాటతో ఇదే పని చేశాయి, మరింత నిర్దాక్షిణ్యంగా. వాటిలో పేదరికానికి అలంకారం లేదు. తల్లి కష్టం కష్టంగానే ఉంది, తిట్టు తిట్టుగానే ఉంది. పల్లెను పోగొట్టుకున్నవాడు దాన్ని అందంగా చూపించుకోవాలన్న తహతహకు నామిని లోబడలేదు. అందుకే ఆ కథల్లోని ప్రేమను నమ్మవచ్చు.

వంశీ 'మా పసలపూడి కథలు' విషయంలో తీర్పు ఇంత సులభం కాదు. స్వాతి వారపత్రికలో బాపు బొమ్మలతో వచ్చిన ఈ కథలు తెలుగునాట విశేషమైన పాఠకాదరణ పొందాయి. రచయిత పల్లె విడిచి మద్రాసు చేరి సినిమా రంగంలో స్థిరపడినవాడు. గోదావరి కాలువలు, పడవలు, తినుబండారాలు ఆ కథల్లో ఎంత సమృద్ధిగా ఉన్నాయంటే కొన్నిచోట్ల కథ వంటకాల పట్టికకు లోబడుతుంది. ముందు చెప్పిన జాబితా ధోరణికి ఇది పరాకాష్ఠ. కానీ ఈ కథలను ఆ కారణంగా తోసిపుచ్చడం తొందరపాటు. వంటకం పేరు వచ్చినచోట దాన్ని చేసిన మనిషి పేరు, ఇంటిపేరు, వీధి, మారుపేరు కూడా వస్తాయి. ఫలానా చోట ఫలానా మనిషి చేసినదే రుచి, మరొకరు చేసినది కాదు. నగరంలో అదే వంటకం దొరికినా చేసిన మనిషి పేరు కొనేవారికి తెలియదు. వంశీ కథల పాఠకుడికి నోరూరించేది పదార్థమేనని అనుకుంటారు గాని, ప్రతి పదార్థం వెనుక పేరున్న మనిషి ఉండడమే ఆ పాఠకుణ్ని పట్టి ఉంచింది. ఆ పేర్లలో వాడ మనుషులవి ఎన్ని, వారు ఏ పనులు చేస్తూ కనబడతారు అన్న లెక్క మాత్రం ఎవరైనా తీయవలసినదే.

వాడ నుంచి చూసినప్పుడు

కోస్తా జిల్లాల వాడుకలో 'పల్లె' అన్న పదానికి ఊరికి వెలుపల ఉన్న దళిత నివాసమన్న అర్థం కూడా ఉంది. ఉన్నవ లక్ష్మీనారాయణ నవల 'మాలపల్లి' (1922) శీర్షికలో ఉన్నది ఆ పల్లె. భావకవులు పాడుకున్న పల్లెసీమ, మాలపల్లి ఒకే పదాన్ని పంచుకున్నాయి గాని ఒకే స్థలాన్ని పంచుకోలేదు. తెలంగాణలో వాడ, రాయలసీమలో గేరి. పేరు ఏదైనా ఊరికి ఆనుకుని, ఊరిలో చేరకుండా ఉన్న చోటు అది. "మా ఊరు" అన్న మాటను అక్కడి మనిషి పలికినప్పుడు అందులో 'మా' ఎంతవరకు చెల్లుతుంది?

జాషువా 'గబ్బిలం' (1941) ఈ ప్రశ్నను కావ్యప్రక్రియ ద్వారానే అడిగింది. సందేశకావ్యం ఎడబాటు కోసం పుట్టిన ప్రక్రియ. కాళిదాసు యక్షుడు తన స్థానానికి దూరమై మేఘంతో కబురు పంపాడు. (అతను పోగొట్టుకున్నది పల్లె కాదు, అలకాపురి అన్న నగరం.) అతనికి తిరిగి చేరే ఇల్లు ఉంది, ఎదురుచూసే భార్య ఉంది, శాపానికి గడువు ఉంది. జాషువా కథానాయకుడు ఎక్కడికీ వెళ్లలేదు. తన ఇంట్లో, తన గుడిసెలో కూర్చునే శివుడికి కబురు పంపుతున్నాడు. గుడిలోకి తాను పోలేడు, గబ్బిలం పోగలదు కాబట్టి దాన్ని దూతగా ఎన్నుకున్నాడు. ఊరు విడవకుండానే ఊరికి వెలి అయినవాడి సందేశకావ్యమది. అతని శాపానికి గడువు లేదు. ప్రవాసి బెంగను పాడడానికి సిద్ధంగా ఉన్న ప్రక్రియను తీసుకుని, స్వస్థలంలోనే ప్రవాసిగా ఉన్నవాడి చేత పాడించడం జాషువా చేసిన పని. గ్రామస్మృతి సాహిత్యాన్ని అధ్యయనం చేసేవారు 'గబ్బిలం'ను దళిత కవిత్వ అధ్యాయానికి పరిమితం చేసి, తమ అధ్యాయంలోకి రానివ్వకపోవడం వింతగా ఉంటుంది.

కొలకలూరి ఇనాక్ కథ 'ఊరబావి' శీర్షికలోని ఊరు కూడా ఇలాంటిదే. స్మృతి రచనల్లో బావి అంటే చేద చప్పుడు, నీళ్లకు వచ్చిన స్త్రీల కబుర్లు. ఇనాక్ కథలో బావి అంటే ముట్టరాని నీరు. గోగు శ్యామల కథల్లో పొలం గట్టు కూడా అలాగే రెండుగా కనబడుతుంది. తెల్లవారకముందే పొలానికి నీళ్లు పెట్టడానికి వెళ్లిన ఆడపిల్ల మీద దొర దాడికి దిగిన చోటు అదే గట్టు. ఆమె మరో కథలో తన కూతురిని జోగినిని చేయాలని ఊరు నిర్ణయించగా, ఆ ఊరి నుంచి తప్పించడానికి తండ్రి పిల్లను హాస్టలులో చేరుస్తాడు. పల్లె నుంచి పట్నానికి ప్రయాణమంటే ఇక్కడ ప్రాణాన్ని, మానాన్ని దక్కించుకోవడం. 1948 నవంబరు 4న రాజ్యాంగసభలో అంబేడ్కర్ గ్రామాన్ని సంకుచితత్వానికీ అజ్ఞానానికీ నెలవుగా పేర్కొని, వ్యక్తినే రాజ్యాంగానికి మూలకంగా తీసుకున్నందుకు సంతోషం వ్యక్తం చేయడానికి వెనుక ఇలాంటి లక్షల ప్రయాణాల చరిత్ర ఉంది.

ఇంతవరకు వచ్చాక ఒక సులభమైన నిర్ణయం చేతికి అందివస్తుంది: అగ్రకులాలకు పల్లె బెంగ, దళితులకు పల్లె చెర; కాబట్టి బెంగ అంతా ఆధిపత్యపు బెంగ. ఈ నిర్ణయాన్ని అంగీకరించడం కష్టం. దాన్ని కాదనే సాక్ష్యం శ్యామల కథల్లోనే ఉంది. ఆ కథల్లోని పిల్లలకు చెరువు నీరు తెలుసు, మట్టి తెలుసు, పశువుల నడక తెలుసు, పెద్దమనుషుల పాటలు తెలుసు. ఆ తెలియడంలో ఉత్సాహం ఉంది, గర్వం ఉంది. తల్లిని బుట్టతో పోల్చే సామెతను సంపుటికి పేరుగా పెట్టుకోవడంలోనే వాడ మాటపై ఎంత మమకారముందో తెలుస్తుంది. స్థలం మీది ప్రేమను, ఆ స్థలాన్ని ఏలే వ్యవస్థ మీది ప్రేమ నుంచి ఆ కథలు విడదీశాయి. వంశీ కథల్లో ఈ రెండూ కలిసిపోయి ఉన్నాయి, ప్రవరుడిలో అయితే విడదీయడమే సాధ్యం కాదు. వాడ నుంచి వెళ్లిన మనిషికి కూడా తనను పేరు పెట్టి పిలిచే ముసలమ్మ ఉంది. ఆమె అరుగు ఊరిలో లేదు, అంతే. "ఎవరి పిల్లవు?" అని వాడలో అడిగితే అది ఆదరణే. ఆ ప్రశ్న వాడ దాటి ఊరిలో అడుగుపెట్టాకే విచారణ అవుతుంది. ఇది గమనించకుండా దళిత రచనలో పల్లె పట్ల ద్వేషం మాత్రమే ఉందని రాసే విమర్శ, ఆ రచయితలకు జ్ఞాపకమే లేదని చెప్పినంత అన్యాయం చేస్తుంది.

'కుబుసం' (2002) చిత్రం ద్వారా తెలుగు ప్రాంతమంతటా వినిపించిన గోరటి వెంకన్న పల్లె పాటను ఈ వెలుగులో మళ్లీ వినవలసి ఉంది. కుమ్మరి, కమ్మరి, వడ్రంగి, సాలె పనులు ఆగిపోవడాన్ని ఒక్కొక్కటిగా చెబుతూ, కనబడని చేతులేవో ఈ పని చేశాయని ఆ పాట దుఃఖిస్తుంది. పల్లెను విడిచినవాడికే కాదు, విడవనివాడికీ పల్లె పోయిందని చెప్పిన పాట అది. అందులో ఉన్న చిక్కు కూడా చిన్నది కాదు. ఆగిపోయిన ఆ పనులన్నీ కులవృత్తులు. పని పోయినందుకు ఏడవడం కులం సడలినందుకు ఏడవడమవుతుందా? పాట ఊరి పెత్తనాన్ని తలచుకోదు, చేతిపనిని తలచుకుంటుంది. కులం పేరును పనివాడి నైపుణ్యానికి గుర్తుగా వాడుతుంది. ఆ భేదం పాట వినే నగరవాసికి అందుతుందా అన్నది వేరే సంగతి. కుమ్మరి కొడుకు ఆవం వదిలి చదువుకుని ఉద్యోగానికి వెళ్లినప్పుడు పల్లె కోల్పోయినది ఒక కుండ. ఆ కుటుంబం పొందినది ఏమిటో పాటలో చోటు చేసుకోలేదు. అన్నీ ఒక పాటలో ఇమడాలని కోరడం న్యాయం కాదు గాని, విమర్శకు ఆ రెండో లెక్క తెలిసి ఉండాలి.

నగరం అడిగే ప్రశ్న

నగరంలో ఎవరూ ఎవరినీ ఎరగరన్నది పల్లె విడిచినవారి రచనల్లో మళ్లీమళ్లీ వచ్చే ఫిర్యాదు. దళిత యువకుడికి అదే వాగ్దానం. అయితే నగరం ఆ వాగ్దానాన్ని పూర్తిగా నిలబెట్టుకోలేదు. అద్దె ఇంటి గుమ్మంలో నిలబడినప్పుడు ఇంటి యజమాని నోట "మీరేమిట్లు?" అన్న మాట వస్తుంది. ఆ మాట రానిచోట ఇంటిపేరు అడుగుతారు, మాంసం తింటారా అని అడుగుతారు. "ఎవరి పిల్లవు?" అన్న ప్రశ్నలోని ఆదరణను పల్లెలో వదిలి, విచారణను మాత్రం నగరం వెంట తెచ్చుకుంది. పల్లెను పోగొట్టుకోవడంలో ఒకరి నష్టం మరొకరి లాభంతో సరిపోలేదని దీన్నిబట్టి తెలుస్తుంది. తాత పేరు చెప్పే ముసలమ్మ ఎవరికీ మిగలలేదు. కులం అడిగేవాడు మాత్రం అక్కడా ఉన్నాడు.

నగరకవిత ఈ స్థితికి ఏ రూపం ఇచ్చిందన్నది విడిగా పరిశీలించదగినది. కుందుర్తి ఆంజనేయులు 'నగరంలో వాన' అన్న శీర్షికే ఆముక్తమాల్యద వానకు ఎదురుగా నిలుస్తుంది. పల్లెలో వాన అందరికీ ఒకే వార్త. నగరంలో అది ఒక్కొక్కరికి ఒక్కో అడ్డంకి. ఛందస్సును వదిలిన వచన కవితకు కుందుర్తి పట్టుబట్టడానికీ ఆయన ఉద్యోగజీవితం గడిపిన నగరానికీ సంబంధం లేదనుకోలేము.

అలిశెట్టి ప్రభాకర్ మరింత ముందుకు వెళ్లాడు. జగిత్యాల నుంచి కరీంనగర్, అక్కడి నుంచి హైదరాబాదు చేరిన ఈ కవి వృత్తిరీత్యా ఫోటోగ్రాఫర్. మనుషుల ముఖాలను చూడడమే బతుకుతెరువుగా ఉన్నవాడు, ఎవరి ముఖమూ ఎవరికీ పట్టని నగరంలో 'సిటీలైఫ్' పేరుతో దినపత్రికకు చిన్న కవితలు రాశాడు. 1993 జనవరిలో క్షయతో మరణించే నాటికి ఆ కవితలు నగరపు దిగువ జీవితానికి గుర్తుగా నిలిచాయి. ఆ కవితలు నాలుగైదు పంక్తులకు మించకపోవడం పత్రికలో స్థలాభావం వల్ల మాత్రమే కాదు. యశోదారెడ్డి ముచ్చట సాగిసాగి పోవడానికి కారణం వినేవారికి అందరూ తెలిసి ఉండడం. అలిశెట్టి కవితలో మనిషికి వంశం లేదు, వరస లేదు, నిన్న లేదు. బస్సు కిటికీలోంచి కనబడినంతసేపే అతను కనబడతాడు. పాఠకుడూ అపరిచితుడే. చెప్పడానికి వ్యవధి లేదు, వినడానికీ లేదు. పల్లె స్మృతి వచనంలో విస్తరించడం, నగరానుభవం పొట్టి కవితగా బిగుసుకోవడం యాదృచ్ఛికమని ప్రక్రియా చరిత్రకారులు భావిస్తే పునరాలోచించవలసి ఉంటుంది.

పైన చర్చించిన రచయితల్లో చాలామంది ఒక్కసారి వెళ్లి, వెళ్లినచోట నిలిచి, వెనుదిరిగి చూసినవారు. జ్ఞాపకాన్ని పుస్తకం చేయడానికి ఆ నిలకడ అవసరం. పాలమూరు వలస కూలీకి అది లేదు. గుంపు మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సు తీసుకుని, పిల్లలను ముసలివాళ్ల దగ్గర విడిచి, ఆనకట్టల పనికో నగరంలో కట్టే భవనాల పనికో వెళ్లి, పని ముగిశాక తిరిగివచ్చి, అప్పు తీరక మళ్లీ వెళ్లే మనిషికి పల్లె గతం కాదు. అతనికి అది వచ్చే నెల. అతని బెంగలో వేపచెట్టు కంటే ముందు పిల్లవాడి జ్వరం, ముసలమ్మ చేతిలో మిగిలిన డబ్బు, వాన పడితే విత్తనాలకు ఎవరు వెళ్తారన్న చింత ఉంటాయి. ప్రవరుడి బెంగతో దీనికి దగ్గరి పోలిక ఉంది: ఇద్దరూ తాము లేకపోతే ఆగిపోయే పనులనే తలచుకుంటున్నారు. ఇద్దరి మధ్య ఉన్న దూరం చెప్పనక్కరలేదు. ఈ కూలీల బెంగ పాటల్లో వచ్చినంతగా ఆత్మకథా వచనంలో రాలేదు. పాట పని మధ్యలో, బండి మీద, గుడారం ముందు కుదురుతుంది. నవలకు బల్ల కావాలి.

దసరాకో పీర్ల పండుగకో వారు ఊరికి వచ్చినప్పుడు వీధిలో ఎదురయ్యేవారు "ఎప్పుడొచ్చినవ్?" అంటారు. జవాబు పూర్తయ్యేలోపే "మళ్లెప్పుడు పోతవ్?" అంటారు. ఆ రెండో మాటలో దురుద్దేశమేమీ లేదు. అప్పు తీసుకున్న అంగడివాడు అడిగినా, వాడలోని అవ్వ అడిగినా అదే మాట. తాతపేరు చెప్పగలిగినవారే అది అడుగుతారు.